మాథేరాన్‌లో గుర్రం మీద

గుర్రపు స్వారీ మనవంటి గుమాస్తా కుటుంబాలకు సంబంధించిన సంగతి కాదని చాలామంది అభిప్రాయం. అది రాజులకూ, పోలీసులకూ, సినిమా నాయకులకూ, మహా అయితే యీ ప్రాంతపు పెళ్ళికొడుకులకు ఒక్క పూటకూ చెందినదే గాని, నెలాఖరున పాలవాడి లెక్క చూసుకునే మనకెందుకని అనుకుంటారు. మాటల్లో మాత్రం మనవాళ్ళు గుర్రాన్ని వదలరు. “రౌతు కొద్దీ గుర్రం” అంటారు. “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అంటారు. ఆఫీసులో పని సాగకపోతే “రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుంది” అని పై అధికారిని ఆడిపోసుకుంటారు. ఇన్ని సామెతలు తెలిసిన మనకు గుర్రం వీపు మీదనుంచి లోకం యెలా కనబడుతుందో తెలియకపోవడం కొంచెం విచిత్రమే.

తెలుసుకోవాలంటే కాశ్మీరానికి పోనక్కరలేదు. ముంబయిలోనూ, దాని చుట్టుపట్ల వూళ్ళలోనూ తరాలుగా స్థిరపడిన మనవాళ్ళకు (మన నోట అది యిప్పటికీ బొంబాయే) మాథేరాన్ కొండ గుమ్మం ముందు వున్నట్టే. కర్జత్ వైపు పోయే లోకల్ బండిలో రెండు గంటలు కూర్చుంటే నేరళ్ స్టేషను వస్తుంది. అక్కడినుంచి ఘాట్ రోడ్డు మీద టాక్సీలో దస్తూరీ నాకా దాకా పోవచ్చు. ఆపైన మోటారుబండి పోకూడదు. కార్లు, స్కూటర్లు, బస్సులు అన్నీ అక్కడే ఆగిపోతాయి. అక్కడినుంచి బజారుకు సుమారు 3 కిలోమీటర్లు. నడవాలి, లేదా గుర్రం యెక్కాలి, లేదా అమన్ లాడ్జ్ స్టేషనులో చిన్నరైలు పట్టుకోవాలి. యిటీవల బ్యాటరీ రిక్షాలు కూడా వచ్చాయి. వాటి సంగతి తరువాత చెబుతాము.

“మాథే” అంటే మరాఠీలో నెత్తి, “రాన్” అంటే అడవి. నెత్తిమీద అడవి వున్న కొండ గనుక మాథేరాన్ అయింది. యెత్తు సుమారు 800 మీటర్లు. 1850 మే నెలలో అప్పటి ఠాణా కలెక్టరు హ్యూ మాలెట్ యీ కొండ యెక్కి చూసి దీనిని కనుగొన్నాడని పుస్తకాలు చెబుతాయి. అంతకుముందే అక్కడ ఠాకర్లూ, కాత్కరీలూ, ధన్‌గర్లూ తిరుగుతూనే వున్నారు. దొరవారు కనుగొన్నది ముఖ్యంగా అక్కడి చల్లగాలిని. తరువాత బొంబాయి గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువు దానిని వేసవి విడిదిగా తీర్చిదిద్దించాడు. 1907లో ఆదంజీ పీర్‌భాయ్ కుటుంబం తమ సొమ్ముతో నేరళ్ నుంచి కొండమీదికి 21 కిలోమీటర్ల చిన్నరైలు వేయించింది. 2003లో కేంద్ర ప్రభుత్వం యీ ప్రాంతాన్ని పర్యావరణరీత్యా సున్నితమైన ప్రాంతంగా ప్రకటించింది. మోటార్ల మీద నిషేధం అంతకుముందునుంచీ వున్నదే.

ఫలితమేమిటంటే, మన దేశంలోని తక్కిన విహార స్థలాలలో గుర్రం ఒక వినోదం. మాథేరాన్‌లో అది వూరి కాలు. గ్యాసు బండలు, బియ్యపు బస్తాలు, హోటలుకు కావలసిన కూరగాయలు దాని వీపు మీదే చాలాకాలం యెక్కాయి. మన విశాఖ మన్యంలో రోడ్డు లేని కొండ గ్రామాలకు యిప్పటికీ గుర్రాలు సరుకులు మోస్తున్నట్టే యిదీను. పిల్లలకు ముందుగా చెప్పవలసింది యీ సంగతే అని మాకు తోచింది.

దీపావళి సెలవులలో మేమూ, మా ఆవిడా, పదమూడేళ్ళ అబ్బాయీ, తొమ్మిదేళ్ళ అమ్మాయీ, మా అత్తగారూ కలిసి బయలుదేరాము. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆమెనూ, సామానునూ మా ఆవిడ అమన్ లాడ్జ్‌లో చిన్నరైలు యెక్కించి వచ్చింది. బజారు స్టేషనులో మా ఆఫీసు మిత్రుని కుటుంబం ఆమె కోసం కాచుకొని వున్నారు. తక్కిన మేము దస్తూరీ నాకాలో గుర్రాలవాళ్ళ మధ్య నిలబడ్డాము.

నిలబడ్డామనడం తేలిక. టాక్సీ తలుపు తెరవక ముందే పదిమంది చుట్టుముట్టారు. “యేడు పాయింట్లు, పన్నెండు పాయింట్లు” అని లెక్కలు చెబుతున్నారు. మా అబ్బాయి కన్ను ఒక తెల్ల గుర్రం మీద పడింది. యెర్రని జూలుపట్టీ, మెడలో గంటలు, నిజంగా బొమ్మలా వున్నది. వాడు అప్పుడే దాని పక్కకు పోయి నిలుచున్నాడు. మా ఆవిడ మాత్రం బేరం మొదలు పెట్టలేదు. జీను కింది గుడ్డ అంచు రెండు వేళ్ళతో పైకెత్తి చూసింది. ఆమె పుట్టిల్లు వ్యవసాయం చేసుకునే పల్లెటూరు. యెద్దు మెడమీద కాడి పుండు యెలా వుంటుందో ఆమెకు పుస్తకం చదవకుండానే తెలుసు. తెల్ల గుర్రం వెన్ను పక్కన రూపాయి బిళ్ళంత పచ్చి పుండు వున్నది. పైన పసుపు పూసి వున్నది.

“ఏమండీ, దీనిమీద పిల్లాణ్ణి యెక్కించడానికి వీల్లేదు,” అన్నది.

గుర్రం యజమాని యాభై దాటిన మనిషి. కోపగించుకోలేదు. మరాఠీలో నెమ్మదిగా చెప్పాడు: “తాయీ, నాకు కనబడక కాదు. దీపావళి పదిహేను రోజులూ, మే నెలా, యీ రెండు కాలాల్లో వచ్చినదే నాలుగు నెలల వానకు గడ్డి. నాకున్నవి రెండే గుర్రాలు. దీన్ని యిప్పుడు కట్టేస్తే అది తినేదేమిటి, మేము తినేదేమిటి? మీరు వద్దంటే వెనక వచ్చేవాళ్ళు యెక్కుతారు. వాళ్ళు గుడ్డ యెత్తి చూడరు.”

మా ఆవిడ మరాఠీ మాకంటె ధారాళం. “పుండు వెన్నులోకి దిగితే మే నెలకు కూడా యిది కట్టేసే వుంటుంది కదా అన్నా. అప్పుడు వచ్చేవాళ్ళు యెవరు యెక్కుతారు?” అన్నది.

అతడు కొంచెంసేపు గుర్రం మెడ నిమురుతూ వూరుకున్నాడు. తరువాత అతడే మార్గం చెప్పాడు. రెండవది గోధుమరంగు ఆడ గుర్రం. దాని వీపు శుభ్రంగా వున్నది. పిల్లలిద్దరూ వంతులవారీగా దానిని యెక్కుతారు, మేము నడుస్తాము, రోజంతటికీ పట్టికలో వున్న ధర బేరం లేకుండా యిస్తాము. తెల్ల గుర్రం జీను తీయించి తన కొడుకు వెంట యింటికి పంపించాడు. దానికి మేము యేమీ యివ్వలేదు, అతడూ అడగలేదు. మా అబ్బాయి ముఖం కాసేపు ముడుచుకున్నది గాని, గోధుమరంగు గుర్రం వాడి చొక్కా జేబు వాసన చూడగానే విడిపోయింది.

ఇక దారులు. మొదటి దారి దస్తూరీ నాకానుంచి బజారు వరకు. అక్కడక్కడ రైలు పట్టాల పక్కనే పోతుంది. యీ దారిలో చెప్పుకోదగ్గ దృశ్యాలు లేవు గాని, కొత్తగా యెక్కినవారికి గుర్రం నడక అలవాటు కావడానికి చాలు. గుర్రం మామూలు నడక గంటకు సుమారు 6 కిలోమీటర్లు. మనిషి నడకకంటె పెద్ద తేడా లేదు. తేడా యెత్తులో వున్నది. జీనుమీద కూర్చుంటే కన్ను యెనిమిది అడుగుల యెత్తుకు పోతుంది. పొదల మీదుగా లోయ కనబడుతుంది, నేరేడు కొమ్మలు చేతికి అందుతాయి. పైగా కాలికింద రాయి చూసుకునే పని గుర్రానిది, మన పని చుట్టూ చూడడమే. అదే స్వారీలోని అసలు సుఖం.

రెండవ దారి షార్లెట్ చెరువు మీదుగా లూయిసా పాయింటుకు. యీ చెరువు వూరి మంచినీళ్ళ చెరువు. పక్కనే గ్రామదేవుడు పిసర్‌నాథుని గుడి. అక్కడ దిగి దణ్ణం పెట్టుకుని, యెకో పాయింటులో పిల్లలచేత కేకలు వేయించి, లూయిసా పాయింటు చేరితే యెదురుగా లోయకు ఆవల ప్రబల్‌గఢ్ కోట కొండ నిటారుగా నిలబడి వుంటుంది. కొండల అంచులు కత్తితో కోసినట్టు పొరలు పొరలుగా కనబడతాయి. దక్కను నల్లరాయి లావా పొరలవి. వాటి నెత్తిన యెర్ర లేటరైటు మట్టి. ఆ యెర్రమట్టే మాథేరాన్ బాటలన్నిటి రంగు. సాయంత్రానికి మన చెప్పులు, బట్టలు, గుర్రం కాళ్ళు అన్నీ ఒకే రంగుకు వస్తాయి.

మూడవది దక్షిణం వైపు: అలెగ్జాండర్ పాయింటు, రాంబాగ్, చౌక్ పాయింటు, వన్ ట్రీ హిల్. జనం తక్కువ, నీడ యెక్కువ. నేరేడు, కరక, తాని, అల్లి చెట్లు పైన కలుసుకుని పందిరి వేస్తాయి. చూడడానికి వచ్చినవాళ్ళ సందడి లేనప్పుడు అక్కడ గిట్టల చప్పుడు తప్ప మరొకటి వినబడదు. మాకు అన్నిటికంటె నచ్చినది యీ దారే. కోతులు మాత్రం చేతిలో పొట్లం వుండనివ్వవు.

నాలుగవది ఉత్తరాన పనోరమా పాయింటు. యిది దూరం. తెల్లవారుజామున బయలుదేరాలి. సూర్యోదయం చూడాలంటే యిదే చోటు. కింద నేరళ్ మైదానమంతా మంచులోంచి మెల్లగా తేలి వస్తుంది. సూర్యాస్తమయానికి పార్క్యుపైన్ పాయింటు, పడమటి వైపు. మా వంతు స్వారీ మేము అక్కడికే చేశాము.

మా బరువు, ఆఫీసు కుర్చీ పెంచిన పొట్టతో సహా, 68 కిలోలు. గుర్రం తన బరువులో అయిదవ వంతుకు మించి మోయరాదని జాగ్రత్తగల రౌతుల లెక్క. అక్కడి గుర్రాలు మరీ పెద్దవి కావు. 350 కిలోలు వున్న గుర్రానికి 70 కిలోలు హద్దు. అంటే, జీను బరువు లెక్కలోకి తీసుకోకపోతే, మేము సరిగ్గా గీతకు యివతల వున్నాము. మా ఆవిడ యీ లెక్క విని నవ్వి, “రాత్రి హోటల్లో రెండో పూరీ తినకుండా వుంటే యింకా యివతల వుండేవారు,” అన్నది. అందుకే యెగుడు వచ్చినచోటల్లా మేము దిగి నడిచాము. యజమాని అది చూసి, అప్పటినుంచి మాతో కస్టమరుతో మాట్లాడినట్టు కాకుండా మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

అతడు చెప్పిన కథలోనే యీ కొండ భవిష్యత్తు వున్నది. మాథేరాన్‌లో చిరకాలం మనుషులు లాగే రిక్షాలు వుండేవి. కొండ యెగుడులో యిద్దరు ముగ్గురు మనుషులు ఒక మనిషిని లాగడం, తొయ్యడం. 2022 చివర బ్యాటరీ రిక్షాలను పరీక్షార్థం ప్రవేశపెట్టారు. 2025 ఆగస్టులో సుప్రీం కోర్టు మనిషిని మనిషి లాగడం మానవ గౌరవానికి విరుద్ధమని చెప్పి, చేతి రిక్షాలను ఆరు నెలల్లోగా నిలిపివేయాలని ఆదేశించింది. ఆ తీర్పును కాదనగల మనిషి వుండడు. మన పెద్దలు కూడా యీ మహానగరానికి వచ్చి రాళ్ళు మోసి, మట్టి తవ్వి, యిళ్ళు కట్టినవారే. కామాఠీపురానికి ఆ పేరు వచ్చింది తెలుగు దేశంనుంచి వచ్చిన కామాఠీ కూలీల వల్లనే. వీపు బరువు అంటే యేమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

గుర్రం యజమాని కూడా తీర్పును కాదనలేదు. “రిక్షా లాగేవాడు మా పక్కింటివాడే. వాడి గుండె మాకు వినబడేది. అది పోవాల్సిందే. కాని సాహెబ్, దస్తూరీలో బ్యాటరీ బండి యెక్కినవాడు మా గుర్రాన్ని బజారులో ఫొటో కోసమే చూస్తాడు. పది నిమిషాలు యెక్కి దిగుతాడు. పది నిమిషాలవాళ్ళతో గుర్రం బతకదు,” అన్నాడు.

రెండవ కష్టం బాట. బ్యాటరీ బండ్లకోసం, మట్టి కొట్టుకుపోకుండా వుండడంకోసం దారిమీద పలకలు పరిచారు. యెర్రమట్టిలో గుర్రం గిట్ట కొంచెం దిగి పట్టు దొరుకుతుంది. గట్టి పలకమీద యినుప లాడం జారుతుంది, ముఖ్యంగా వాన తడిలో, దిగుడులో. గుర్రం జారితే పైనున్నవాడికీ ప్రమాదమే. అదే తీర్పులో కోర్టు దస్తూరీ నాకానుంచి శివాజీ విగ్రహం వరకే పలకలకు అనుమతి యిచ్చి, లోపలి బాటల మీదా, కొండ నడక దారుల మీదా పరచరాదన్నది. అంటే పెద్ద దారి బండిది, లోపలి యెర్రబాట గుర్రానిది. న్యాయంగానే వున్నది. యిక ఆ యెర్రబాటల మీదికి మనుషులు పోతారా లేదా అన్నదే ప్రశ్న.

ఆఫీసులో పాత హెడ్ గుమాస్తాకు యే ఫైలు యే బీరువాలో వున్నదో చీకట్లోనైనా తెలిసినట్టు, ఆ గోధుమరంగు గుర్రానికి యే మలుపులో గొయ్యి వున్నదో, యే చెట్టుకింద కొమ్మ వాలి వున్నదో తెలుసు. మా అమ్మాయి కళ్ళెం లాగినా లాగకపోయినా అది తన దారిన అది సరిగ్గా పోయేది. కంప్యూటర్లు వచ్చినప్పుడు మా ఆఫీసులో అటువంటి పాత గుమాస్తాలను మూలన కూర్చోబెట్టడం మేము చూశాము. మిషను వల్ల పని తేలికైంది, నిజమే. కాని ఆ మనిషికి తెలిసినదంతా ఆయనతోనే యింటికి పోయింది. గుర్రాన్ని కళ్యాణ మంటపాలకు అమ్మేస్తే యీ కొండ దారులు తెలిసిన ఆ జ్ఞాపకమూ అలాగే పోతుంది. దాని వెంట లాడం కొట్టేవాడు, జీను కుట్టేవాడు, గడ్డి కోసి తెచ్చే ఆదివాసి స్త్రీలు అందరి పనీ పోతుంది.

కాబట్టి వెళ్ళమనే మా సలహా. అయితే గుర్రం మీద దయ అంటే గుర్రం యెక్కకపోవడం కాదు, తెలిసి యెక్కడం. 2020లో కరోనా వల్ల కొండకు వచ్చేవాళ్ళు లేకపోయినప్పుడు యెక్కేవాళ్ళు లేరు గాని, గుర్రాల ఆకలి ఆగలేదు. గుర్రానికి రోజుకు 25 లీటర్లకు పైగా నీళ్ళు కావాలి, బరువులో నూటికి రెండు వంతుల మేత కావాలి, నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి లాడాలు మార్చాలి. యిదంతా యెక్కినవాడి డబ్బులోంచే రావాలి.

మొదటిసారి పోయేవారు కొన్ని సంగతులు గుర్తుంచుకుంటే చాలు. బేరానికి ముందు జీను గుడ్డ యెత్తి వీపు చూడండి, కడుపు పట్టీ కింద వొరుపు వున్నదేమో చూడండి, పది అడుగులు నడిపించమని కుంటు వున్నదేమో చూడండి. పుండు లేని గుర్రానికే గిరాకీ వున్నదని తెలిస్తే పుండు మానేదాకా ఆగడానికి యజమానికీ ధైర్యం వస్తుంది. గుర్రానికి యెడమవైపునుంచి యెక్కాలి. రికాబులో పాదం ముందు భాగం మాత్రమే పెట్టి మడమ కిందికి దించాలి, లేకపోతే పడ్డప్పుడు కాలు యిరుక్కుంటుంది. యెగుడులో కొంచెం ముందుకు, దిగుడులో కొంచెం వెనక్కు వాలాలి. కళ్ళెం పట్టుకుని వేళ్ళాడకూడదు, దాని రెండవ కొస గుర్రం నోట్లో వున్నది. వెనకవైపుగా పోకూడదు. పిల్లలకు తలమీద గట్టి టోపీ వుండాలి. దౌడు తీయించమని అడగకండి. కొండ బాట పందెపు మైదానం కాదు. గుర్రానికి వొక గంటకొకసారి నీళ్ళూ విశ్రాంతీ యిప్పించండి. పట్టికలో వున్న ధర యివ్వండి. వానలు వెళ్ళిన అక్టోబరు చివరనుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం.

మాథేరాన్ దూరమైనవారికి పంచ్‌గని పీఠభూమి వున్నది, మహాబలేశ్వరంలో వేణ్ణా చెరువు గట్టు వున్నది. తమిళనాడులోని మనవాళ్ళకు ఉదకమండలం, కొడైకెనాల్ చెరువుల చుట్టూ గుర్రాలు దొరుకుతాయి. స్థలం యేదైనా వీపు చూడడం మరచిపోవద్దు.

తిరిగి వచ్చేటప్పుడు అందరమూ చిన్నరైల్లోనే దిగాము. రెండు గంటలకు పైగా మలుపులే మలుపులు. పిల్లలు అలసి నిద్రపోయారు. మా ఆవిడ వొళ్ళో చిట్టా పుస్తకం పెట్టుకుని ఖర్చులు రాసింది. టాక్సీ, రైలు, హోటలు, శనగలు, చెప్పుల పట్టీ. గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఖర్చు పక్కన మొత్తం వేసి, దాని కింద యెవరూ అడగకుండానే యింకొక పంక్తి రాసుకున్నది: “మే నెలలో తెల్ల గుర్రం పుండు మానిందో లేదో చూడాలి.” ఆ లెక్కన సెలవు దరఖాస్తు మేము యిప్పుడే పెట్టి వుంచాము.